పంకా తాడు

శీతాకాలంలో అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లు తప్పకుండా చెప్పే మాట ఒకటుంది: బయట మంచు కురుస్తున్నా ఇంట్లో బనీనుతో తిరగొచ్చు. నేలమాళిగలో ఫర్నేస్ ఉంటుంది. అది గాలిని వేడిచేసి గొట్టాల గుండా ప్రతి గదికీ పంపుతుంది. ఐరోపా ఇళ్లలో అయితే బాయిలర్లో కాగిన నీళ్లు గోడవారన ఉన్న రేడియేటర్లలోకి పోయి, వేడిని అక్కడ వదిలి, చల్లారి వెనక్కి వస్తాయి. రెండు వేల ఏళ్ల కిందట రోమన్లు నేల కింద బోలుగా వదిలి అందులోకి వేడిగాలి పంపినప్పటి నుంచీ కిటుకు ఒకటే. మంట ఒక్కచోట, వెచ్చదనం ఇల్లంతా.

కలకత్తాకి ఆ అవసరం రాలేదు. జనవరి రాత్రుల్లో అక్కడ ఒక శాలువా, ఒక మంకీ క్యాప్ ఉంటే గడిచిపోతుంది. ఆ ఊరి పోరాటమంతా ఉక్కపోతతోనే. మార్చిలో మొదలై అక్టోబరు దాకా వదలదు. అందుకని ఆ ఊళ్లోనూ ఒక్కచోటి నుంచి ఇల్లంతటికీ హాయి పంపే ఏర్పాటు ఒకటి చేసుకున్నారు. కాకపోతే మంట ఉండాల్సిన చోట మనిషి ఉండేవాడు.

దాని పేరు పంకా. సంస్కృతంలో పక్షం అంటే రెక్క. హిందీ పంఖా దాని నుంచే వచ్చింది. బెంగాలీలో విసనకర్ర పాఖా, పిట్ట పాఖీ. మనం ఈనాటికీ సీలింగ్ ఫ్యాన్ బద్దల్ని రెక్కలనే అంటున్నాం. తాటాకు విసనకర్ర ఎప్పటిదో ఎవరూ చెప్పలేరు గానీ, కప్పు నుంచి వేలాడే పెద్ద పంకా మాత్రం బ్రిటిష్ కలకత్తాలో 18వ శతాబ్దం చివర్లో వాడుకలోకి వచ్చిందని 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు చెబుతుంది. అలాంటిది అరబ్బులకు అంతకు ఎంతో ముందే తెలుసునని కూడా అందులోనే ఉంది.

దాన్ని కాస్త దగ్గరగా చూద్దాం. పొడవాటి చెక్క చట్రం. దానికి బిగించిన గుడ్డ, అడుగున కుచ్చుల అంచు. దూలానికి కొట్టిన కొక్కేల నుంచి తాళ్లతో వేలాడుతూ భోజనాల బల్ల మీదుగానో, మంచం మీదుగానో అటూ ఇటూ ఊగుతుంది. మధ్యలో కట్టిన తాడు గిలక మీదుగా సాగి, గోడలో చేసిన కంతలోంచి వరండాలోకి వెళుతుంది. ఆ కొసన నేల మీద కూర్చుని ఒక మనిషి లాగుతుంటాడు. లాగితే ఇటు వస్తుంది, వదిలితే బరువుకి తనే వెనక్కి పోతుంది. నాలుగైదు పంకాల్ని ఒకదానికొకటి కట్టి ఒక్క తాడుతో లాగించడం కచేరీల్లో, పెద్ద హాళ్లలో మామూలే. పగలు ఒకడు, రాత్రి ఒకడు. చేతులు పడిపోతే తాడుని కాలికి కట్టుకుని, వెల్లకిలా పడుకుని కాలు ఆడించేవాళ్లు. గాలి లోపలున్నవాళ్లకి. చెమట బయట కూర్చున్నవాడిది.

కలకత్తా పంకానే ఎందుకు పట్టుకుంది? ఉత్తరాదిన వడగాలి పొడిగా ఉంటుంది కాబట్టి గుమ్మానికి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లితే చాలు, లోపలికొచ్చే గాలి చల్లబడుతుంది. మన పల్లెల్లో ఎండాకాలం ఆ వట్టివేళ్ల వాసన తెలిసినవాళ్లు ఇంకా ఉన్నారు. హుగ్లీ ఒడ్డున గాలి అప్పటికే తేమతో బరువెక్కి ఉంటుంది, తడిక మీది నీళ్లు ఆవిరి కావు. పంకా పని వేరు. అది గాలిని చల్లబరచదు. ఒంటిని అంటిపెట్టుకున్న వెచ్చని, తడి గాలిపొరని నెట్టేస్తుంది, చెమట ఆరుతుంది. చల్లదనమంటే అంతే. అది ఆగిన మరునిమిషం ఉక్కపోత తిరిగి మొదలు. కాబట్టి లాగేవాడికి నిద్ర ఉండకూడదు.

డబ్బున్నవాళ్లు ఇంకో దారీ వెతికారు. 1833 మే 12న బోస్టన్ నుంచి టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుగడ్డతో బయలుదేరి, నాలుగు నెలల తర్వాత దాదాపు 100 టన్నులు మిగుల్చుకుని కలకత్తా చేరింది. బోస్టన్ వైపు చెరువుల్లో చలికాలం కోసిన మంచు అది. పంపినవాడు ఫ్రెడరిక్ ట్యూడర్. సుంకం మాఫీ చేశారు, చందాలేసి ఐస్ హౌస్ కట్టారు. అయితే ఆ మంచు పానీయాలకే గానీ గదులకు కాదు. గదికి పంకాయే దిక్కు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే భాగం కోర్టు రికార్డుల్లో ఉంది. నడిరేయి పంకా ఆగుతుంది. లోపలి దొరకు మెలకువ వస్తుంది. బయటికొచ్చి, కునుకు తీస్తున్న మనిషిని బూటుకాలితో తంతాడు. అతను చనిపోతాడు. 19వ శతాబ్దంలో ఇలాంటి కేసులు ఎన్నో నడిచాయి. పంకా లాగినవాడి ప్లీహం మలేరియా వల్ల ముందే ఉబ్బి ఉందని, చిన్న దెబ్బకే పగిలిందని డాక్టర్లు సాక్ష్యం చెప్పేవారు. దొర జరిమానా కట్టో, కొద్దిపాటి శిక్షతోనో బయటపడేవాడు. రాత్రంతా ఊపిరి ఆడనిచ్చినవాడి ప్రాణానికి కట్టిన వెల అది. వైస్రాయ్ కర్జన్ అంతటివాడికే ఈ తీర్పులు సిగ్గుచేటనిపించాయి.

మనిషిని తప్పించాలన్న ఆలోచన కొత్తదేం కాదు. పంకా లాగే యంత్రాలకు ఎన్నో పేటెంట్లు తీసుకున్నారు. కానీ కూలీ అంత చవగ్గా దొరుకుతుంటే యంత్రాన్ని కొనేదెవరు? దారి చూపింది కరెంటే. అమెరికాలో ఫిలిప్ డీల్ కుట్టుమిషన్ మోటారును కప్పుకి వేలాడదీసి, రెక్కలు తగిలించి, 1880ల చివర్లో సీలింగ్ ఫ్యాన్ తెచ్చాడు. 1897లో లండన్లో రిజిస్టరైన కంపెనీ కలకత్తా ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్‌గా పేరు మార్చుకుని, 1899 ఏప్రిల్ 17న ఇమాంబాగ్ లేన్‌లో విద్యుత్ కేంద్రం మొదలుపెట్టింది. అక్కడి నుంచి తీగల మీదుగా ఇంటింటికీ కరెంటు. నేలమాళిగలో ఫర్నేస్ ఎలాగో ఊరంతటికీ ఆ కేంద్రం అలాగ. కర్జన్ హయాంలో గవర్నమెంట్ హౌస్‌లోకీ కరెంటు వచ్చింది. ఆ తర్వాత తాళ్లు ఒక్కొక్కటే తెగాయి.

ఒక్కసారిగా మాత్రం కాదు. కరెంటు చేరని జిల్లా కచేరీల్లో, కోర్టుల్లో పంకా కూలీలు ఇంకా చాలా ఏళ్లు లాగుతూనే ఉన్నారు. 1924లో వచ్చిన ఫార్‌స్టర్ నవల ఎ ప్యాసేజ్ టు ఇండియాలో, విచారణ ముగిసి అందరూ వెళ్లిపోయినా, ఏం జరిగిందో తెలియని పంకా కూలీ ఖాళీ హాల్లో తాడు లాగుతూనే ఉంటాడు. ఆ పాత్రకి రచయిత పేరు పెట్టలేదు.

ఐస్ పంపినవాడి పేరుంది, ఓడ పేరుంది, కరెంటు కేంద్రం ఉన్న సందు పేరుంది. వందేళ్లకు పైగా ఊరికి గాలి విసిరినవాళ్ల పేర్లు మాత్రం, తన్నులు తిని చచ్చిపోతే కోర్టు కాగితాల్లో తప్ప, దాదాపు ఎక్కడా లేవు. కలకత్తాలో ఏ పాత భవనానికైనా వెళితే దూలాలకు మిగిలిన కొక్కేల కోసం, గోడలో పూడ్చేసిన కంత కోసం చూడండి. మన జిల్లాల పాత కచేరీల్లోనూ చూడండి. మీ ఇంట్లో ఎవరైనా ఫలానా తాతయ్య కలెక్టరు కచేరీలో పంకా లాగేవాడని చెబితే, ఆయన పేరేమిటో, ఊరేదో అడిగి ఈరోజే రాసిపెట్టుకోండి.