రేవులో నిలిచిన నౌకకే నిప్పు ముప్పు: నార్మండీ నుంచి కొచ్చి వరకు

నౌకలో అగ్నిప్రమాదం అనగానే మనకు నడిసముద్రం గుర్తుకొస్తుంది. కానీ 20వ శతాబ్దపు అతి పెద్ద ప్రయాణికుల నౌకల్లో రెండు ఒడ్డుకు దగ్గరలో, మార్పులు, మరమ్మతులు జరుగుతుండగానే కాలి ఒరిగిపోయాయి. వేలమందితో మహాసముద్రాలు దాటిన నౌక, ప్రయాణికులు లేకుండా నిలిచి ఉన్నప్పుడు ఎందుకు కాలింది? విపత్తు నిర్వహణ, పారిశ్రామిక భద్రత చదివే అభ్యర్థులు ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోవాలి.

నార్మండీ, 1942

ఫ్రాన్స్‌కు చెందిన నార్మండీ 1935లో తొలి ప్రయాణం చేసింది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యే వేళకు న్యూయార్క్ చేరి అక్కడే ఉండిపోయింది. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1941 డిసెంబర్‌లో అమెరికా దాన్ని స్వాధీనం చేసుకుని, లఫాయెట్ అని పేరు మార్చి, సైనికులను తరలించే నౌకగా మార్చడం ప్రారంభించింది.

1942 ఫిబ్రవరి 9 మధ్యాహ్నం విలాస మందిరంలోని దీపస్తంభాలను గ్యాస్ టార్చ్‌తో కోస్తున్నారు. పక్కనే కేపాక్ దూది నింపిన లైఫ్ జాకెట్ల కట్టలు పేర్చి ఉన్నాయి. నిప్పురవ్వలు వాటి మీద పడ్డాయి. నౌకకు మంచి అగ్నిరక్షణ వ్యవస్థ ఉండేది, కానీ పనుల కోసం దాన్ని అప్పటికే పక్కన పెట్టారు. అమెరికా గొట్టాలు ఫ్రెంచ్ కుళాయిలకు అమరలేదు. నగర అగ్నిమాపక దళానికి కబురు ఆలస్యంగా చేరింది.

మంటలను ఆర్పారు గానీ నౌకను కాపాడలేకపోయారు. పడవల నుంచి, ఒడ్డు నుంచి కొట్టిన నీరు పై అంతస్తుల్లో నిలిచి ఒక పక్కకు చేరింది. అడుగు కవాటాలు తెరిచి నౌకను నిటారుగా నేలకు ఆనిద్దామని దాని రూపశిల్పి వ్లదిమీర్ యుర్కెవిచ్ చెప్పిన సలహాను అధికారులు పట్టించుకోలేదు. మర్నాడు తెల్లవారేలోపు నార్మండీ పక్కకు ఒరిగిపోయింది. మొదట శత్రువుల కుట్ర అనుకున్నారు. విచారణలో తేలింది మాత్రం అజాగ్రత్త.

క్వీన్ ఎలిజబెత్, 1972

బ్రిటన్ నౌక క్వీన్ ఎలిజబెత్‌ను 1970లో హాంకాంగ్ వ్యాపారి సి.వై. టుంగ్ కొని, సీవైజ్ యూనివర్సిటీ అనే తేలియాడే విశ్వవిద్యాలయంగా మార్చసాగారు. పనులు ముగింపుకు వస్తుండగా 1972 జనవరి 9న అనేక చోట్ల ఒకేసారి మంటలు లేచాయి. ఇది కూడా మంటలు ఆర్పే నీటి బరువుతోనే ఒరిగింది. ఇక్కడ ఎవరో కావాలని నిప్పు పెట్టి ఉంటారని విచారణ భావించింది.

ఒకచోట అజాగ్రత్త, మరోచోట కుట్ర అనుమానం. కారణాలు వేరైనా ముగింపు ఒకటే. అందుకే నిప్పు ఎలా పుట్టిందన్న దానితో పాటు, అది పుట్టిన వేళ నౌక ఏ స్థితిలో ఉందో కూడా చూడాలి.

మరమ్మతు వేళ బలహీనతలు

1. రక్షణ వ్యవస్థలు ఆగిపోతాయి: పంపులు, అలారాలు, స్ప్రింక్లర్లు విప్పేస్తారు. కేబుళ్లు, గొట్టాలు లాగడం కోసం మంటను ఆపే తలుపులు తెరిచే ఉంచుతారు.

2. మండే సామగ్రి పెరుగుతుంది: రంగులు, ద్రావకాలు, చెక్క, ప్యాకింగ్, గ్యాస్ సిలిండర్లు ఒకేచోట చేరతాయి.

3. ఉక్కు వేడిని మోస్తుంది: గోడకు ఇవతల వెల్డింగ్ చేస్తే అవతలి గదిలో వస్తువు అంటుకోవచ్చు. 2002లో నాగసాకిలో నిర్మాణంలో ఉన్న డైమండ్ ప్రిన్సెస్ ఇలాగే కాలింది.

4. బాధ్యత చీలిపోతుంది: యజమాని, షిప్‌యార్డ్, కాంట్రాక్టర్, ఉప కాంట్రాక్టర్ ఉంటారు. పని ఆపమని చెప్పే అధికారం ఎవరిదో స్పష్టంగా ఉండదు. మిగతా మూడు లోపాలనూ సరిదిద్దగలిగేది ఈ అధికారమే కాబట్టి, ఇదే అన్నిటికన్నా ప్రమాదకరం.

భారత్ అనుభవం

2018 ఫిబ్రవరి 13న కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో మరమ్మతులో ఉన్న ఓఎన్‌జీసీ డ్రిల్‌షిప్ సాగర్ భూషణ్‌లో పేలుడు జరిగి ఐదుగురు చనిపోయారు. 2024 జూలై 21న ముంబయి నేవల్ డాక్‌యార్డ్‌లో రీఫిట్‌లో ఉన్న ఐఎన్‌ఎస్ బ్రహ్మపుత్రలో మంటలు లేచాయి. మర్నాటి ఉదయానికి అదుపులోకి వచ్చినా, మధ్యాహ్నానికి నౌక తీవ్రంగా ఒక పక్కకు ఒరిగింది. ఒక నావికుడు ప్రాణాలు కోల్పోయారు. ఇవి ప్రయాణికుల నౌకలు కావు. అయినా డాక్‌లో పనిచేసే మనిషి ఎదుర్కొనే ముప్పులో తేడా లేదు.

చట్టాల పరిధి

టైటానిక్ తర్వాత 1914లో పుట్టిన సోలాస్ ఒప్పందం ప్రధానంగా ప్రయాణంలో ఉన్న నౌక భద్రతను చూస్తుంది. మరమ్మతు వేళ కార్మిక భద్రతా చట్టాల పాత్ర పెరుగుతుంది. మన ఫ్యాక్టరీల చట్టం, 1948 నౌకల నిర్మాణం, మరమ్మతు, విచ్ఛేదనాలను 'తయారీ ప్రక్రియ'గా నిర్వచించింది. మండే పదార్థం ఉన్న ట్యాంకులను తగిన జాగ్రత్తలు తీసుకోకుండా వెల్డింగ్ చేయరాదని సెక్షన్ 37 చెప్పింది. ఈ చట్టాన్ని వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020లో విలీనం చేశారు.

ఆచరణలో కీలకమైనది హాట్ వర్క్ పర్మిట్. గ్యాస్ పరీక్ష, చుట్టుపక్కల గదుల తనిఖీ, పని జరుగుతున్నంతసేపూ నిప్పు కాపలా అవసరం. అమెరికా షిప్‌యార్డ్ నిబంధనల ప్రకారం నిప్పు కాపలాదారు సాధారణంగా పని ముగిశాక కూడా కనీసం 30 నిమిషాలు అక్కడే ఉండాలి.

ముగింపు

2024 జనవరిలో కొచ్చిలో అంతర్జాతీయ నౌకా మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. మారిటైమ్ ఇండియా విజన్ 2030 కూడా ఈ రంగం విస్తరణను కోరుతోంది. పని పెరిగితే టార్చ్ పట్టే చేతులు పెరుగుతాయి. కాబట్టి ప్రతి పర్మిట్ మీద పని ఆపగల ఒక్క అధికారి పేరు ఉండాలి. పాత వ్యవస్థ విప్పే ముందే తాత్కాలిక వ్యవస్థ పనిచేయాలి. స్థానిక అగ్నిమాపక దళం నౌక పటాన్ని ముందే చూసి ఉండాలి. ఈ మూడింటిలో ఏదీ ఖరీదైన సాంకేతికత కాదు. 1942లోనూ ఇవి సాధ్యమే.

సాధన ప్రశ్న: "పారిశ్రామిక ప్రమాదాల్లో సాంకేతిక లోపం కంటే బాధ్యతల విభజనే పెద్ద కారణం." నౌకా మరమ్మతు రంగం ఉదాహరణలతో చర్చించండి. (250 పదాలు)