పెద్దవాళ్లు లేని ఇల్లు: ఒక అమెరికా సినిమాలో కనిపించే చరిత్ర

చరిత్ర అంటే రాజులు, యుద్ధాలు, ఒప్పందాలే అని మనలో చాలామంది అనుకుంటాం. మా సోషల్ సార్ మాత్రం పాత ఇల్లు, పాత రసీదు, పాత సినిమా కూడా చరిత్రకు ఆధారాలే అంటారు. అందుకని ఈ వ్యాసానికి నేను ఒక నవ్వుల సినిమాను తీసుకున్నాను. దాని పేరు ‘ఫెర్రిస్ బ్యూలర్స్ డే ఆఫ్’, అంటే ఫెర్రిస్ బ్యూలర్ సెలవు రోజు. 1986 జూన్‌లో అమెరికాలో విడుదలయింది. రాసింది, తీసింది జాన్ హ్యూస్. అమ్మానాన్నలు పనికి పోగానే బడి ఎగ్గొట్టి ఊరంతా తిరిగిన కుర్రవాడి కథ అది. నా ప్రశ్న ఒకటే: ఆ పగలంతా పెద్దవాళ్లు ఇంట్లో ఎందుకు లేరు?

కథ చిన్నదే. ఫెర్రిస్ హైస్కూలు చివరి ఏడాదిలో ఉంటాడు. అరచేతులు నాకి, చెమట పట్టినట్టు చూపించి, ఒంట్లో బాగాలేదని ఇంట్లోవాళ్లను నమ్మిస్తాడు. నాన్నకు చికాగో నగరంలో ఆఫీసు, అమ్మకు ఇళ్లు అమ్మిపెట్టే ఉద్యోగం. ఇద్దరూ జాలిపడి, జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోతారు. ఇక చూడండి! ఇంట్లోని కంప్యూటర్ నుంచి బడి కంప్యూటర్‌లోకి దూరి తొమ్మిది ఆబ్సెంట్లను రెండు చేస్తాడు. మంచం మీద బొమ్మను పడుకోబెట్టి, గురక టేపు పెడతాడు. స్నేహితుడు కామెరాన్, స్నేహితురాలు స్లోన్‌తో కలిసి, కామెరాన్ నాన్న ప్రాణంగా చూసుకునే 1961 ఫెరారీ కారులో చికాగో చేరుతాడు. బేస్‌బాల్ ఆట, మ్యూజియం, పెద్ద హోటల్లో భోజనం, చివరికి వీధి ఊరేగింపులో బండెక్కి పాట, డాన్సు. ఆ పాట వినబడి, పైన ఆఫీసు కిటికీ దగ్గర ఫెర్రిస్ నాన్న కూడా స్టెప్పులు వేస్తాడు. కింద ఆడుతున్నది తన కొడుకేనని ఆయనకు తెలియదు.

ఈ సీనుకు అందరూ నవ్వుతారు. కానీ యాభై ఏళ్ల ముందు అమెరికాలో ఇలాంటి సీను వచ్చేది కాదు. 1937లో ‘ఆండీ హార్డీ’ సినిమాలు మొదలయ్యాయి. అందులోనూ అల్లరి కుర్రవాడే హీరో. కానీ వాళ్ల నాన్న జడ్జి. ఆయన ఇంట్లోనే దొరుకుతాడు, కొడుకును కూర్చోబెట్టి మాట్లాడతాడు, సమస్య తీరుతుంది. 1955లో ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ వచ్చింది. అందులో నాన్న ఇంట్లో ఉన్నాడు గానీ కొడుకు అడిగినదానికి ఆయన దగ్గర జవాబు లేదు. 1986కు వచ్చేసరికి నాన్న నగరంలో ఉన్నాడు, అమ్మ ఇంకో చోట ఉంది, పిల్లవాడు ఇంట్లో ఉన్నాడు. మూడు సినిమాలు వరసగా పెట్టి చూస్తే పెద్దవాళ్లు కొంచెం కొంచెంగా దూరం జరగడం కనిపిస్తుంది.

దీనికి కారణాలు సినిమా బయట ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులకు 1944 చట్టం వల్ల ఇంటి అప్పులు సులువుగా దొరికాయి. 1947 నుంచి న్యూయార్క్ దగ్గర లెవిట్‌టౌన్ లాంటి శివారు కాలనీలు వెలిశాయి. 1956 చట్టంతో 41,000 మైళ్ల పెద్ద రోడ్లు వేయాలని నిర్ణయించారు. ఇల్లు ఒకచోట, పని ఇంకోచోట అయిపోయింది. తర్వాత ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో ఉద్యోగాలకు వెళ్లారు. 1950లో పదహారేళ్లు దాటిన ప్రతి 100 మంది ఆడవాళ్లలో సుమారు 34 మంది ఉద్యోగ రంగంలో ఉంటే, 1985 నాటికి ఆ సంఖ్య 54 దాటింది. ఇది మంచి మార్పే. అయితే సాయంత్రం బడి నుంచి వచ్చే పిల్లలకు తలుపు తీసేవాళ్లు లేకపోయారు. మెడలో తాళంచెవి వేసుకుని తిరిగే పిల్లలు అని అమెరికా పత్రికలు వాళ్ల గురించి రాసేవి. హ్యూస్ కూడా చికాగో శివారు నార్త్‌బ్రూక్‌లో పెరిగినవాడే. సినిమాలో బయటినుంచి కనిపించే బడి ఆయన చదివిన ఊరి బడే.

సినిమాలో నాకు బాగా గుర్తుండేది ఫెర్రిస్ కాదు, కామెరాన్. వాళ్ల నాన్న సినిమా మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించడు. ఆయన కారు మాత్రం అద్దాల గదిలో తళతళలాడుతూ ఉంటుంది. మ్యూజియంలో కామెరాన్ జార్జ్ సూరా వేసిన పెద్ద చిత్రం ముందు నిలబడతాడు. 1884–86లో చుక్కలు చుక్కలుగా వేసిన చిత్రం అది. అందులో తల్లి చెయ్యి పట్టుకున్న ఒక చిన్న పాప ఉంది. కామెరాన్ ఆ పాప ముఖాన్నే చూస్తూ ఉంటే, దగ్గరికి పోయేకొద్దీ ముఖం పోయి చుక్కలే మిగులుతాయి. తనను ఎవరూ చూడటం లేదనే బాధ అక్కడ మాటల్లేకుండా తెలుస్తుంది. చివరికి కోపంతో కారును తన్నుతాడు, అది అద్దం పగిలి లోయలో పడిపోతుంది. తప్పు తన మీద వేసుకుంటానని ఫెర్రిస్ అంటాడు. కామెరాన్ వద్దంటాడు. నాన్న వచ్చాక తానే నిలబడి మాట్లాడతానంటాడు. ఫెర్రిస్ మాత్రం పరుగెత్తి మంచంలో దూరి, దొరక్కుండా తప్పించుకుంటాడు. ఇద్దరిలో ఎవరు ధైర్యవంతుడో మీరే చెప్పండి.

నాలుగేళ్లకు, 1990లో, హ్యూస్ రాసిన ‘హోమ్ అలోన్’ వచ్చింది. అందులో కుటుంబమంతా పారిస్‌కు పోతూ ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి ఇంట్లో మరిచిపోతుంది. మొదట గంతులేసిన ఆ పిల్లవాడే తర్వాత అమ్మ రావాలని కోరుకుంటాడు. 2014లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఫెర్రిస్ సినిమాను భద్రపరచదగిన చిత్రాల జాబితాలో చేర్చింది. అంటే నవ్వుల సినిమా కూడా ఆధారమేనని వాళ్లూ ఒప్పుకున్నట్టే.

మన హోసూరుకు ఫెరారీలు రాలేదు గానీ ఫ్యాక్టరీలు వచ్చాయి. నాన్నకు షిఫ్టు, అమ్మకు గార్మెంట్స్‌లో పని. ఇంటి తాళంచెవి నా జామెట్రీ బాక్సులో ఉంటుంది. మా తరగతిలో ఇంకా చాలామంది దగ్గర ఉంది. మా అవ్వ మాత్రం, “మా కాలంలో ఇంటికి తాళం వేసిందే లేదు, ఎవరో ఒకరు ఉంటారు గదా” అంటుంది. అమెరికాలో ముప్పై నలభై ఏళ్లు పట్టిన మార్పు మా ఇంట్లో అవ్వకూ నాకూ మధ్యనే జరిగిపోయింది.

బడి ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. అమ్మ పని మానాలని అసలే చెప్పడం లేదు, ఆ జీతంతోనే మా ఫీజులు కడుతున్నారు. ఒక్క మాట మాత్రం చెప్పాలని ఉంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చాక నాన్న, “ఈరోజు ఏమైంది రా?” అని అడిగి, నేను చెప్పేదాకా కూర్చుంటారు. ఒక్కోసారి అది పది నిమిషాలే. కామెరాన్‌కు సినిమా మొత్తంలో ఆ పది నిమిషాలు దొరకలేదు.