కారు ఇంజిన్ ఆయిల్: 5డబ్ల్యూ-30నా, 5డబ్ల్యూ-40నా? డబ్బా మీద నంబర్లకు అసలు అర్థం ఇదే..

కారు మాన్యువల్‌లో 5డబ్ల్యూ-30 అని రాసి ఉంటుంది. షాపులో మాత్రం "మన ఎండలకు 5డబ్ల్యూ-40 అయితేనే బెస్ట్ సార్" అంటారు. రెండూ సింథటిక్ ఆయిల్సే. ఏది వేస్తే ఏమవుతుందిలే అనుకుంటే మైలేజీ తగ్గొచ్చు, తేడా కొడితే ఇంజిన్‌కే ఎసరు రావొచ్చు. అందుకే కొనేముందు ఈ విషయాలు తెలుసుకోండి.

డబ్ల్యూ అంటే వింటర్

చాలామంది దీన్ని వెయిట్ అనుకుంటారు. కాదు, వింటర్. డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎలా కదులుతుందో చెబుతుంది. ఎస్ఏఈ ప్రమాణం ప్రకారం ఇంజిన్ స్టార్టింగ్ టెస్టును 0డబ్ల్యూ ఆయిల్‌కు మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూకు మైనస్ 30, 10డబ్ల్యూకు మైనస్ 25 డిగ్రీల దగ్గర చేస్తారు. మన దగ్గర చలికి పేరున్న లంబసింగిలో కూడా సున్నా దగ్గరికి వస్తేనే పెద్ద వార్త. కాబట్టి 0డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-30 మధ్య తేడా తెలుగు రాష్ట్రాల్లో చాలా స్వల్పం. షికాగో, మినియాపొలిస్ లాంటి చోట్ల ఉండే మనవాళ్లకు మాత్రం ఈ అంకె ముఖ్యమే.

అసలు తేడా రెండో నంబర్‌లోనే

చివర ఉన్న 20, 30, 40 అంకెలు ఇంజిన్ బాగా వేడెక్కాక ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో చెబుతాయి. దీన్ని 100 డిగ్రీల దగ్గర సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు.

- 20 గ్రేడ్: 6.9 నుంచి 9.3 లోపు
- 30 గ్రేడ్: 9.3 నుంచి 12.5 లోపు
- 40 గ్రేడ్: 12.5 నుంచి 16.3 లోపు

అంటే 5డబ్ల్యూ-30, 5డబ్ల్యూ-40 రెండూ ఒకే చలి పరీక్ష పాసైనవే. ఇంజిన్ వేడెక్కిన తర్వాతే వాటి దారులు వేరవుతాయి. ఇంకో విషయం.. ఇవి ఒక్కో గ్రేడ్‌కు ఉన్న హద్దులు మాత్రమే. ఒక కంపెనీ 30 ఆయిల్ పలచటి అంచున, ఇంకో కంపెనీ 30 ఆయిల్ చిక్కటి అంచున ఉండొచ్చు.

ఎండలు ఎక్కువైతే చిక్కటి ఆయిల్ వేయాలా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా ఇంజిన్ లెక్కలో అది చల్లదనమే! మామూలు డ్రైవింగ్‌లో ఆయిల్ దాదాపు 90 నుంచి 110 డిగ్రీల మధ్య పనిచేస్తుంది. కూలెంట్, థర్మోస్టాట్ కలిసి ఆ వేడిని అదుపులో ఉంచుతాయి. పైగా సాధారణ 5డబ్ల్యూ-30 ఆయిల్ 100 డిగ్రీల దగ్గర ఉన్నదాని కంటే 40 డిగ్రీల దగ్గర ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది. కాబట్టి ఎండాకాలం వచ్చిందని గ్రేడ్ మార్చాల్సిన పనిలేదు. బేరింగుల మధ్య ఖాళీ, ఆయిల్ పంపు, వాల్వ్ టైమింగ్ వ్యవస్థ.. వీటన్నిటినీ చూసుకునే కంపెనీ గ్రేడ్ నిర్ణయిస్తుంది.

రాంగ్ గ్రేడ్ వేస్తే ఏమవుతుంది?

రెండు వైపులా నష్టం ఒకేలా ఉండదు. 30 చెప్పిన చోట 40 వేస్తే సాధారణంగా ఇంజిన్‌పై లాగుడు పెరిగి మైలేజీ కొంత తగ్గుతుంది. అదే 40 కోసం డిజైన్ చేసిన ఇంజిన్‌లో 20 వేస్తే, ఘాట్ రోడ్డులో ఫుల్ లోడ్‌తో వెళ్లేటప్పుడు బేరింగుల మధ్య ఆయిల్ పొర బాగా పలచబడుతుంది. అరుగుదల మొదలైతే ఖర్చు మామూలుగా ఉండదు. హైబ్రిడ్ కార్లు, 0డబ్ల్యూ-16, 0డబ్ల్యూ-20 చెప్పిన కొత్త పెట్రోల్ కార్లలో మాత్రం "పలచగా ఉందే" అని భయపడి మార్చొద్దు. ఆ ఇంజిన్లను దానికి తగ్గట్టే తయారుచేశారు.

నంబర్ ఒకటే అయినా ఆయిల్ ఒకటి కాదు

150 డిగ్రీల వేడిలో, తీవ్ర ఒత్తిడిలో ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో చెప్పే కొలతను హెచ్‌టీహెచ్‌ఎస్ అంటారు. 5డబ్ల్యూ-30 అనే రాసి ఉన్నా, ఏసీఈఏ సీ2 రకానికి ఇది కనీసం 2.9 ఉంటే చాలు. సీ3 రకానికి కనీసం 3.5 ఉండాలి. అంటే డబ్బా మీద చిన్న అక్షరాల్లో ఉండే ఆ కోడ్ కూడా గ్రేడ్ అంత ముఖ్యమే.

డీపీఎఫ్ ఉన్న బీఎస్6 డీజిల్ కార్లకు తక్కువ బూడిద మిగిల్చే సీ రకం ఆయిల్స్ చెబుతుంటారు. వేరేది వేస్తే ఫిల్టర్ త్వరగా మూసుకుపోవచ్చు. టర్బో పెట్రోల్ కారైతే 2020లో వచ్చిన ఏపీఐ ఎస్‌పీ లేదా అంతకంటే కొత్త రేటింగ్ ఉందేమో చూడండి. తక్కువ వేగంలో ఇంధనం ముందే మండిపోయే సమస్యకు, టైమింగ్ చైన్ అరుగుదలకు దీనిలో ప్రత్యేక పరీక్షలున్నాయి.

కొనేముందు ఇలా చెక్ చేయండి

1. మాన్యువల్‌లో గ్రేడ్‌తో పాటు ఏపీఐ లేదా ఏసీఈఏ కోడ్ నోట్ చేసుకోండి. రెండూ కలవాలి.
2. మాన్యువల్‌లో రెండు మూడు గ్రేడ్లు ఇచ్చి ఉంటే వాటిలోంచే ఎంచుకోండి. సిటీ ట్రాఫిక్‌లో చిన్న దూరాలకు పలచటిది, లోడుతో హైవే, ఘాట్ ప్రయాణాలకు చిక్కటిది నయం.
3. పాత కారు ఆయిల్ తాగుతోందా? ముందు లీకేజీ, వాల్వ్ సీల్స్ చూపించండి. చిక్కటి ఆయిల్ వేస్తే లక్షణం తగ్గొచ్చు కానీ రోగం పోదు.
4. దారిలో లెవెల్ పడిపోతే దగ్గర్లో దొరికిన గ్రేడ్ కొంచెం కలిపినా ఫర్వాలేదు. ఆయిల్ లేకుండా నడపడమే అసలు ప్రమాదం. తర్వాత సరైనది మార్పించుకోండి.
5. వారంటీలో ఉన్న కారైతే గ్రేడ్, కోడ్ రాసిన బిల్లు తప్పకుండా దాచుకోండి.

చివరిగా ఒక్క మాట.. "ఫుల్లీ సింథటిక్" అన్న పెద్ద అక్షరాలు చూసి ఆగిపోకండి. అది ఆయిల్ తయారీ గురించి చెబుతుందే తప్ప, మీ ఇంజిన్‌కు సరిపోతుందో లేదో చెప్పదు.