బడిగోడపై ఎవరి పేరు?



కరీంనగరము జిల్లా గంగాధర మండలమున కురిక్యాల గ్రామము చెంత బొమ్మలగుట్ట గలదు. క్రీ.శ. 945 ప్రాంతమున జినవల్లభుడు ఆ గుట్టరాతిపై నొక శాసనము చెక్కించెను. అందు మూడు తెలుగు కందపద్యములు గలవు. ఈ జినవల్లభుడు వేములవాడ చాళుక్యుల యాస్థానకవియగు పంపని తమ్ముడు. తాను నిర్మించిన బసదిని, తోటను, చెరువును ఆ శాసనమున పేర్కొనెను. చెరువు పేరు కవితాగుణార్ణవము. అది యన్నగారి బిరుదు.

కావున ధర్మకార్యమునకు పేరు పెట్టుట మనకు క్రొత్త గాదు. అట్లయిన బడికి బల్లలిచ్చిన కంపెనీ తన పేరు గోడపై వ్రాయించుకొనిన తప్పేమని ఒక మిత్రుడు నన్నడిగెను. ఆ ప్రశ్న నన్ను చాల దినములు వెంటాడినది.

కొంతకాలము క్రిందట నేనొక పల్లెబడికి పోయితిని. గోడపై ఎక్కముల పట్టిక యుండెను. దాని నెత్తిన ఒక తినుబండారము పేరు, ఎక్కములకంటె పెద్ద యక్షరములతో నుండెను. ఒక చిన్నవాడు ఏడవ యెక్కము నడుమ తడబడెను గాని, ఆ పేరు మాత్రము గడగడ చదివెను. మిత్రునికి చెప్పవలసిన జవాబు నాకచ్చట దొరకినది. జినవల్లభుని శాసనము చేసిన పనిని చెప్పును. చెరువునీరు త్రాగువానిని ఏమియు కొనుమనదు. ఈ పట్టిక కొనుమనుచున్నది.

అంగడిలో ప్రకటన చూచిన పెద్దవాడు నమ్మవచ్చును, మానవచ్చును. బడిలో బాలునికట్టి వివేకమింకను రాలేదు. గోడపై నున్నదెల్ల పంతులుగారి మాటయే యని వాడు తలచును.

అమెరికాలో 1990లో ‘ఛానల్ వన్’ అను సంస్థ బడులకు టెలివిజను పెట్టెలు ఉచితముగా నిచ్చెను. ప్రతిగా పిల్లలు దినమునకు పండ్రెండు నిమిషముల కార్యక్రమము చూడవలెను. అందు రెండు నిమిషములు ప్రకటనలు. ఉచితమనుకొనిన దానికి వెల చదువుకాలమే. ఎన్నియో వివాదముల పిమ్మట అది 2018లో నిలిచిపోయెను.

కంపెనీలు మనకు పరాయివి గావు. కాగజ్‌నగరమునకు ఆ పేరు కాగితపు మిల్లు వలననే వచ్చినది. సింగరేణి వారి విద్యాసంఘము బొగ్గుగనుల ప్రాంతములలో బడులు నడుపుచున్నది. లాభములలో కొంత లోకహితమునకు వెచ్చింపవలెనని 2013 నాటి చట్టము పెద్ద కంపెనీలను శాసించినది. అయితే సరకుల ప్రచారలాభము కొరకు చేసిన సహాయమును ఆ లెక్కలో చేర్చరాదని 2021 నాటి నియమములు తేల్చినవి. చక్కెర, ఉప్పు, క్రొవ్వు మిక్కిలిగా గల తినుబండారములను బడిలోను, బడికి ఏబది మీటర్ల లోపలను అమ్మరాదు, ప్రకటింపరాదని 2020 నాటి ఆహారభద్రతా నియమములు చెప్పుచున్నవి.

ఇచ్చువారి చేయి మనము త్రోసివేయనక్కరలేదు. బల్లలు రానిండు, పుస్తకములు రానిండు. ఇచ్చినవారి పేరు ద్వారము చెంత ఒక చిన్నరాతిపై నుండుట న్యాయమే. తరగతిగోడ మాత్రము పిల్లలది. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము సర్కారుబడి యాజమాన్య సంఘమున నాల్గింట మూడు వంతులు తల్లిదండ్రులే యుండవలెను. వచ్చు సమావేశమునకు మీ యింటివారిని పంపుడు. వీలైన మీరును వెళ్లుడు. గోడపై నేమున్నదో కన్నులార చూచి రండు.