బోర్డు మారితే పర్లేదు, పని ఆగితేనే సమస్య

మాడుగులపల్లి నుంచి మిర్యాలగూడ మిల్లుకు పోయే వడ్ల ట్రాక్టర్ చూస్తే మీకు అమెరికా గుర్తొస్తుందా? రాదు కదా. ఈ ఎపిసోడ్ అయ్యాక వస్తుంది.

మన దగ్గర బాగా పండే బీపీటీ 5204, అదే సాంబ మసూరి, 1986లో బాపట్ల నుంచి వచ్చిన రకం. తయారుచేసింది ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం సైంటిస్టులు. ఆ యూనివర్సిటీ పెట్టింది 1964లో. దాన్ని నిలబెట్టడానికి అమెరికాలోని కాన్సస్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసర్లు వచ్చారు. వాళ్లను పంపింది అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ.

1956లో ఈ పని మొదలైనప్పుడు ఆ సంస్థ పేరు ఇంటర్నేషనల్ కోఆపరేషన్ అడ్మినిస్ట్రేషన్. 1961లో కెన్నెడీ దాన్నీ, ఇంకొన్ని ఆఫీసులనూ కలిపి యూఎస్‌ఎయిడ్ చేశారు. బోర్డు మారింది కానీ ఇక్కడ పని ఆగలేదు.

2025 అట్లా కాదు. మార్చిలోనే 83 శాతం ప్రోగ్రాములు రద్దు చేశామన్నారు. జులై 1న మిగిలినవాటిని విదేశాంగ శాఖలో కలిపేశారు. సాఫ్ట్‌వేర్ జాబ్‌లో నేను నేర్చుకున్న ముక్క ఒకటుంది: ఫోల్డర్ పేరు మార్చడం వేరు, లోపలి ఫైళ్లు డిలీట్ చేయడం వేరు. బయటికి మాత్రం రెండూ రీఆర్గనైజేషనే!

ఇంకో సంగతి. కాన్సస్ వాళ్లు వెళ్లిపోయిన చాలా ఏళ్లకు సాంబ మసూరి వచ్చింది. అప్పటికి సైంటిస్టులు, పొలాలు, జీతాలు అన్నీ మనవే. అందుకే ఏ సాయం వచ్చినా ముందు ఒక్కటి అడగాలి: వాళ్లు వెళ్లిన మర్నాడు దీన్ని ఎవరు నడుపుతారు?