ఏ మోటారు ప్రదర్శనశాలకు పోవుదము?

సెలవుదినము వచ్చినచో కృష్ణా డెల్టాలోని గృహస్థులకు చూడదగిన తావులకు కొదువ లేదు. ఇంద్రకీలాద్రి యున్నది, ఉండవల్లి గుహలున్నవి, నది నడుమ భవానీద్వీపమున్నది, మరికొంత దూరము పోగలవారికి హంసలదీవి యున్నది. కాని ఇంటిలోని పిల్లవాడు పాత మోటారుబండ్లు చూడవలెనని పట్టుబట్టినచో ఎచ్చటికి కొనిపోవలెను? బస్సులకును, లారీలకును, వాని మరమ్మతులకును పేరువడసిన బెజవాడలో, ఆ బండ్ల పూర్వచరిత్రను చూపు పేరుగల ప్రదర్శనశాల లేదు. కావున ప్రయాణము తప్పదు. ప్రయాణము తప్పనప్పుడు దేనిని ఎన్నుకొనవలెనను ప్రశ్నయు తప్పదు.

ఈ ప్రశ్న వినోదమునకు మాత్రమే సంబంధించినదిగా తోచును. కొంచెము ఆలోచించినచో ఇది చరిత్రకు సంబంధించిన ప్రశ్న యని తేలును. 1886లో జర్మనీ దేశమున కార్ల్ బెంజ్ తన మూడు చక్రముల బండికి హక్కుపత్రము కోరిన నాటినుండి నేటివరకు లెక్కకు మిక్కిలిగా మోటారుబండ్లు పుట్టినవి. వానిలో ప్రదర్శనశాలకు చేరునవి ఎవ్వి? తక్కువగా నడచినవే. ప్రభువుల కార్లు పండుగకో ఊరేగింపునకో బయటికి వచ్చి, తక్కిన దినములలో నీడపట్టున నుండును. అందుచేత నూరేండ్లయినను చెక్కుచెదరవు. పల్లెలనుండి జనమును, ధాన్యమును, కూరగాయల గంపలను మోసిన బస్సు అరిగి, విరిగి, తుదకు పాత ఇనుమై తూకమునకు పోవును. ఎక్కువ పని చేసిన బండికే ఆనవాలు తక్కువ. ఈ సంగతి మనసునందుంచుకొని ప్రదర్శనశాలకు పోయినవారికి అచ్చట నున్నదియే కాక, లేనిదియు కనబడును.

బెజవాడవారికి అందుబాటులో నున్న పాతబండ్ల నగరము హైదరాబాదు. తెల్లవారుజామున బయలుదేరినచో ఒక పగటిలో చూచి, రాత్రికి ఇల్లు చేరవచ్చును. అచ్చట మొదట చెప్పదగినది చౌమహల్లా ప్రాసాదము. 2005లో ప్రజల దర్శనార్థము తెరవబడిన ఈ ప్రాసాదమున పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారొకటి కలదు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ దీనిని తయారుచేయ నుత్తరువిచ్చి, 1911లో కాలధర్మము నొందెను. బండి 1912లో తయారై ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ కొలువున చేరెను. దీనిలో వెనుకభాగమున ప్రభువు కూర్చుండు ఆసనము సింహాసనమువలె ఎత్తుగా అమర్చబడియుండును. అంబారీ మీది కూర్పును మోటారుమీదికి దించినట్లుండును. ఏనుగు పోయి ఇంజను వచ్చినను దర్బారు మర్యాద మారలేదను చరిత్ర పాఠమును ఈ ఒక్క బండి పుస్తకముకంటె బాగుగా చెప్పును.

పురానీ హవేలీలో 2000లో తెరవబడిన నిజాము ప్రదర్శనశాల రెండవది. ఏడవ నిజాము రజతోత్సవమున వచ్చిన కానుకలు దీనికి ముఖ్యాకర్షణ. దానితోపాటు 1930 నాటి రోల్స్‌రాయిస్, పాకార్డ్, జాగ్వార్ బండ్లును చూడవచ్చును. మోటారుకొరకే పోవువారికి ఇచ్చట సరకు తక్కువ. ఇంటిలోని పెద్దలకును పిల్లలకును కూడ ఏదో యొకటి నచ్చవలెనన్నచో మంచి తావు.

మూడవది వేరు తీరుది. జంతుప్రదర్శనశాలకు చేరువలో, బహదూర్‌పురాలో, సుధాకర్ అను ఔత్సాహికుడు 2010లో తెరచిన సుధా కార్ల ప్రదర్శనశాలలో బండ్లన్నియు ఆయన తయారుచేయించినవే. క్రికెట్ బ్యాటు, చెప్పు, చేతిసంచి, కంప్యూటరు మొదలగు ఆకారములలో నడచు బండ్ల నచ్చట చూతుము. 2005లో ఆయన చేసి నడపిన 41 అడుగులకు పైబడిన ఎత్తుగల మూడుచక్రముల సైకిలు ప్రపంచ రికార్డు పొందినది. దీనిని పిల్లల తమాషా యని త్రోసివేయరాదు. పాత ఇనుము, పాత ఇంజను దొరికినచో చేతిపనివాడు ఏమి చేయగలడో చూపు తావిది. బెజవాడ మెకానిక్కుల పనితనము నెరిగినవారికి ఇది చుట్టపుటిల్లువలె తోచును.

ఈ మూడింటికిని భిన్నమైనది నాలుగవది. అది ప్రదర్శనశాల కాదు, ఒంటరి బస్సు. 1932 జూనులో నిజాము రాష్ట్ర రైల్వేవారు రోడ్డు రవాణా శాఖ నొకదానిని స్థాపించి, 27 బస్సులతోను 166 మంది పనివారితోను సర్వీసులను ప్రారంభించిరి. నాటి ఆల్బియన్ బస్సొకటి, డెక్కన్ క్వీన్ అను పేరుగలది, ముషీరాబాదులోని బస్‌ భవన్ ఆవరణమున నిలుపబడినది. ఆర్టీసీ బస్సుల సంఖ్యలలో చాలకాలము కనబడిన జెడ్ అక్షరము నిజాము తల్లి జహ్రా బేగము పేరిటి దని జనులు చెప్పుకొందురు. ఆ కథ ఎట్లున్నను, ఆ శాఖ వంశమునుండియే 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ అవతరించినది. నేడు బెజవాడ బస్‌స్టేషనులో మన మెక్కు బస్సునకు ఆ ఆల్బియన్ ముత్తవ్వ యన్నమాట.

దూరము లెక్కపెట్టనివారికి కోయంబత్తూరు కలదు. అది ఒక దినమున పోయి వచ్చు తావు కాదు గాని, తెలుగువారు తప్పక తెలిసికొనవలసినది. ఆ సీమలోని కలంగల్ గ్రామమున 1893లో తెలుగు మాటాడు కుటుంబమున పుట్టిన జి. డి. నాయుడు, బాల్యమున ఒక దొర నడపు మోటారుసైకిలును చూచి మోహపడెను. భోజనశాలలో పనిచేసి సొమ్ము కూడబెట్టి దానిని కొనెను. కొన్న బండిని ఊడదీసి మరల బిగించి, దాని మర్మము నెరిగెను. 1920లో ఒకే బస్సుతో పొల్లాచ్చి, పళనిల మధ్య సర్వీసు ప్రారంభించి, తానే నడపెను. అదియే తరువాత పెద్ద రవాణా సంస్థగా పెరిగినది. ఆయన కుటుంబమువారు 2015లో తెరచిన జీడీ కార్ల ప్రదర్శనశాలలో దేశదేశముల పాతకార్లు వరుసగా నున్నవి. మోటారు నెక్కిన ప్రభువుకంటె, మోటారును విప్పి చూచిన బాలుని కథ మన పిల్లలకు ఎక్కువ పనికివచ్చునని మా తలంపు.

ఇన్ని చూచిన పిమ్మట డెల్టావాసికి ఒక లోటు తెలియును: తన ఊరి కథ ఎచ్చటను లేదు. ఆ కథ చిన్నదియు కాదు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తియై కాలువలు పారిన పిమ్మట, మన సీమలో సరకును మనుష్యులును పడవలమీద పోవుచుండిరి. రైలు వచ్చినను పల్లెకు పడవయే దిక్కు. మోటారుబస్సు వచ్చి కాలువగట్ల రోడ్లమీద ఆ పడవతో పోటీపడి, మెల్లమెల్లగా దానిని ఒడ్డున నిలిపివేసెను. 1952లో పాత ఆనకట్ట తెగెను. దాని స్థానమున కట్టిన ప్రకాశం బ్యారేజి 1957 డిసెంబరు 24న ప్రారంభము కాగా, దానిమీది రహదారి కృష్ణకు ఇరుదరులనున్న సీమలను బస్సుకు కలిపి యిచ్చినది.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలునకు కరవు వచ్చినప్పుడు నడచిన బొగ్గుబస్సులను మన తాతలు కథలు కథలుగా చెప్పెడివారు. బస్సు వెనుక ఇనుప పొయ్యి యుండును. క్లీనరు తెల్లవారకముందే లేచి, దానిలో బొగ్గు నింపి, నిప్పు రాజవేసి, చేతితో పంకా త్రిప్పును. పొయ్యిలోని వాయువు గొట్టముగుండ ఇంజనునకు చేరి, అచ్చట పెట్రోలునకు మారుగా మండును. బలము చాలక ఎత్తు వచ్చినచోట బస్సు నిలిచిపోగా, ప్రయాణికులు దిగి నెట్టవలసి వచ్చెడిది. టిక్కెట్టు కొనినవాడే బండిని నెట్టిన ఆ కాలపు పొయ్యి ఒక్కటి మనయూర నిలిపియున్నచో, పిల్లలు దానిచుట్టు మూగెడివారు కారా?

బస్సులను జాతీయము చేయు తగవులోను కృష్ణాజిల్లాకు దేశచరిత్రలో స్థానము కలదు. కొత్తగా వచ్చిన రవాణా సంస్థకు ఈ జిల్లా మార్గములను అప్పగించు పథకమును బస్సు యజమానులు ప్రతిఘటించిరి. వారి ఆక్షేపణలను ప్రభుత్వ కార్యదర్శి ఆలకింపగా, నిర్ణయమును ముఖ్యమంత్రి చేసిరి. గుల్లపల్లి నాగేశ్వరరావు ప్రభృతులు సుప్రీంకోర్టు కెక్కిరి. విన్నవా రొకరు, తీర్పరి మరియొకరు అగుట న్యాయము కాదని 1958లో ఆ న్యాయస్థానము ఉత్తరువును కొట్టివేసెను. తరువాత ముఖ్యమంత్రియే స్వయముగా ఆక్షేపణలను వినగా, 1959లో అదే న్యాయస్థానము పథకమును సమర్థించెను. యజమానులు మార్గములను కోల్పోయిరి గాని, వారి వ్యాజ్యము దేశమునకొక సూత్రము నిచ్చినది: వినినవాడే నిర్ణయింపవలెను. న్యాయశాస్త్ర విద్యార్థులు నేటికిని దానిని చదువుచున్నారు; ఆ దారుల బస్సులు మాత్రము కానరావు.

కావున మా సలహా ఇది. ఒక్కదినమే యున్నచో హైదరాబాదునకు పోయి, ఉదయమున చౌమహల్లాలోని పసుపుకారును, మధ్యాహ్నమున ముషీరాబాదులోని ఆల్బియన్ బస్సును చూడుడు. బస్‌ భవన్ కార్యాలయము గనుక ముందుగా అనుమతి విచారించుట మేలు. రెండింటి నడుమ కాలభేదము ఇరువదియేండ్లే. ఒకటి ఒక్కనిని ఊరేగించుటకు చేయబడినది, రెండవది ఊరినంతయు మోయుటకు. ఈ భేదమును కన్నులార చూచిన పిల్లవానికి ప్రత్యేకముగా బోధింప నక్కరలేదు. చిన్నపిల్లలున్నచో సుధా ప్రదర్శనశాలను కలుపుకొనుడు. వేసవి సెలవులలో కోయంబత్తూరును తలపెట్టుడు.

తిరిగివచ్చిన పిమ్మట మరియొక చిన్న ప్రయాణము మిగిలియున్నది. దానికి టిక్కెట్టు లేదు. జవహర్ ఆటోనగరులో కమాను పట్టీలు వంచువారిని, ఇంజనులు విప్పువారిని, బాడీలు కట్టువారిని పిల్లలకు చూపుడు. వారిలో పెద్దవారిని పలుకరించి, తొలుత ఏ బండిమీద పని నేర్చిరో అడుగుడు. ఇంట తాతగారి బస్సు పర్మిట్టు కాగితమో, కండక్టరు టిక్కెట్టు పెట్టెయో, ఇంజనును త్రిప్పిన హ్యాండిలో యున్నచో పాత సామానువానికి తూకమునకు వేయకుడు. ఒక చీటిమీద దాని కథ వ్రాసి కట్టి యుంచుడు. ప్రదర్శనశాలలు అట్టి చీటీలతోనే ఆరంభమగును. నిజాము కారును కాపాడుటకు ప్రాసాదముండినది. డెల్టా బస్సును కాపాడుటకు మన ఇండ్లు తప్ప వేరు ప్రాసాదము లేదు.