ఇథీరియంలో బహిరంగ పరిశోధన

ఇథీరియం బ్లాక్‌చెయిన్ నియమాల్లో మార్పుల కోసం డెవలపర్లు, ఆర్థిక శాస్త్రజ్ఞులు, వాడుకరులు కలిసి బాహాటంగా సాగించే పరిశోధన, సమీక్షల పద్ధతి. ఈఐపీ అనే ప్రతిపాదన పత్రం దీనికి ఆధారం. నెట్‌వర్క్ 2015 జూలై 30న మొదలు కాగా, పద్ధతిని వివరించే ఈఐపీ-1పై అదే ఏడాది అక్టోబరు 27 తేదీ ఉంది. బిట్‌కాయిన్ కోసం డెవలపర్ ఆమిర్ తాకీ 2011లో రాసిన బిప్-1 అనే పత్రం దీనికి మాతృక. దానికి మూలం పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకు చెందిన పెప్ అనే ప్రతిపాదన పత్రాలు.

ప్రతిపాదన ఎవరైనా రాయవచ్చు. ఆరు నెలల పాటు కదలిక లేకపోతే దాన్ని నిలిచిపోయినట్టు నమోదు చేస్తారు. సంపాదకులు పత్రం రూపాన్ని, సాంకేతిక పొందికను చూస్తారే తప్ప దాని మంచిచెడ్డలపై తీర్పు చెప్పరు. మరి తీర్పు ఎవరిది? ఎవరిదీ కాదని కొందరు, అసలు పగ్గాలు ఇథీరియం ఫౌండేషన్ చేతిలోనే ఉన్నాయని మరికొందరు అంటారు. నెట్‌వర్క్‌ను నడిపే క్లయింట్ సాఫ్ట్‌వేర్ రాసే బృందాలు అంగీకరించనిదే ఏ మార్పూ ముందుకు సాగదన్నది ఆచరణకు దగ్గరగా కనిపిస్తుంది. ఆ బృందాల ఉమ్మడి సమావేశాల రికార్డింగులు అందరికీ అందుబాటులో ఉంటాయి.

ఎక్కువగా చర్చకు వచ్చినది ఈఐపీ-1559. అంతకుముందు లావాదేవీ రుసుము వేలంపాటలా ఉండేది. ఎంత పాడాలో వాడుకరికి అంతుబట్టేది కాదు. ప్రతి బ్లాకుకూ ప్రోటోకాలే ఒక మూల రుసుము నిర్ణయించాలని, రద్దీని బట్టి అది ఒక్కో బ్లాకుకు గరిష్ఠంగా 12.5 శాతం పెరగాలని లేదా తగ్గాలని, వసూలైనదాన్ని దహనం చేయాలని, అంటే చెలామణి నుంచి శాశ్వతంగా తొలగించాలని ఈ పత్రం ప్రతిపాదించింది. పత్రంపై తేదీ 2019 ఏప్రిల్ 13. అయితే ఇథీరియం సహ వ్యవస్థాపకుడు విటాలిక్ బ్యూటెరిన్ 2018 రచనల్లోనే ఈ ఆలోచన ఉన్నందున మొదటి తేదీగా ఆ ఏడాదినే తీసుకోవడం సబబు. అప్పట్లో లావాదేవీలను బ్లాకుల్లో చేర్చి రుసుము పొందే మైనర్లలో చాలామంది, తమ రాబడి తగ్గుతుందని దీన్ని వ్యతిరేకించారు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు టిమ్ రఫ్‌గార్డెన్ 2020 డిసెంబరులో వెలువరించిన విశ్లేషణ, సగటు రుసుము పెద్దగా తగ్గకపోవచ్చనీ, ఎంత చెల్లించాలో అంచనా వేసుకోవడం మాత్రం సులువవుతుందనీ తేల్చింది. రుసుములు చౌకవుతాయన్న ప్రచారం ఆ తర్వాతా ఆగలేదు. 2021 ఆగస్టు 5న లండన్ హార్డ్‌ఫోర్క్ అనే నెట్‌వర్క్ నవీకరణతో ఈఐపీ-1559 అమలైంది.

ఇలాంటి పరిశోధనకు నిధుల కోసం ఇథీరియం ఫౌండేషన్ గ్రాంట్లతో పాటు, దాతల సంఖ్యకు ప్రాధాన్యమిచ్చే గిట్‌కాయిన్ విరాళాల పద్ధతి 2019 నుంచి తోడైంది.

ప్రతి ప్రతిపాదనా గట్టెక్కలేదు. ప్రత్యేక మైనింగ్ యంత్రాల ఆధిక్యాన్ని తగ్గించడానికి ఉద్దేశించిన ప్రోగ్‌పౌ, అంటే ఈఐపీ-1057, క్లయింట్ బృందాల సమావేశాల్లో తాత్కాలిక ఆమోదం పొందినా 2020లో వ్యతిరేకత వెల్లువెత్తడంతో అటకెక్కింది. 2022 సెప్టెంబరు 15న ఇథీరియంలో మైనింగే ఆగిపోవడంతో దానితో ఇక పనిలేకపోయింది.